రసమట్టం

రాయచోటి దోవలో ఒక మలుపు కాడ
లాలుసాబు ఇంజనాపి, బ్రేకు మింద కాలు తీసినాడు.
ఆటో మిట్టకు పాకింది,
ఎవరో తాడు కట్టి గుంజుతాన్నట్టు.
రోడ్డు పక్క రాయికి అప్పటికే పసుపు,
ఎండిన నిమ్మకాయలు రెండు.

బేల్దారి ఓబులేసు ఏమీ అనలే.
సంచిలోంచి రసమట్టం తీసి ఉడుకు తారు మింద పెట్టినాడు.
బుడగ
మేం పల్లమనుకున్న పక్కకు జరిగింది.
"కొండలు ఒరిగినాయిరా.
వాటిని చూసి కన్ను తప్పుడు లెక్క కట్టింది."

సీసా మూత తిప్పి గుక్కెడు నీళ్లు వంచినా.
మిట్టెక్కి పోయినాయి,
తడి గీత గీసుకుంటా, దోవ తెలిసినట్టు.
నీరు పల్లమెరుగు అంటారే,
ఎరగంది మేమే.

మా నాయన పిల్లప్పుడు
జీపు దిగిన ఆఫీసరొకాయన చేని గట్టున నిలబడి
కంటికి చెయ్యడ్డం పెట్టి చూసి
"మీ ఊరు మిట్ట. కాలవ ఎక్కదు" అన్నాడంట.
ఆ ఒక్క మాట మింద
పదకొండు బోర్లు వేసినాం, ఏడు ఎండినాయి.
ఆయన చేతిలో ఏముండె నాయనా అంటే
"సిగరెట్టు" అన్నాడు.

"రేపు మా చేని కాడికి దాన్ని తెస్తావా?"
ఓబులేసు నవ్వినాడు.
"ఇది గోడలకురా, కాలవలకు చాలదు."
అయినా దాన్ని సంచిలో పెట్టలే.
ఆటో దిగేదాకా ఒళ్లో పెట్టుకొని
బుడగనే చూస్తాండె.