నిప్పులేని పెట్టె

కువైట్ నుంచి మా తమ్ముడు పీరయ్య వచ్చినాడు.
నాకు రెండు నైటీలు, మోకాళ్ళకు బాము, ఒక కిలో ఖర్జూరం.
వాళ్ళ బావకు మటుకు ఈ పెట్టె.
"ఈడ అమ్మకూడదంట, లుంగీ మడతల్లో పెట్టి తెచ్చినా.
పొగ రాదక్కా, కంపు రాదు, దగ్గు తగ్గుతాది" అన్నాడు.
దగ్గు తగ్గుతాదని వానికెవురు చెప్పినారో.
అమ్మినోడే చెప్పింటాడు.

మాయన మధ్యాన్నం కునుకు తీస్తాంటే
చాట పక్కకు జరిపి, చేతులు కడుక్కోని
నేనే విప్పినా.

మూత ఊరికే రాదు.
పట్టుకుంటే నిదానంగా, ఊపిరి వదిలినట్టు
జారతాది.
లోపల గుంతలు, ఒక్కోదానికి ఒక్కో గుంత,
పదోదినం అయినాక పీర్లను పెట్టెలో పండబెట్టినట్టు.
సబ్బుబిళ్ళంత డబ్బా. పెన్నంత కడ్డీ. వైరు.
దాన్ని తోమేకి ఒక బుల్లి కుచ్చు.
ఇన్ని భాషల్లో రాసిన పుస్తకం,
తిప్పి తిప్పి చూసినా, తెలుగు లేదు.
అరబ్బీ కనపడితే కళ్ళకద్దుకోబోయి
సిగరెట్టు పుస్తకమని ఆగిపోయినా.

ఈ వేళ్ళకు ఇరవయ్యారేండ్ల పని.
రోజుకు ఏడొందలు, పండగ ముందర వెయ్యి.
తునికాకు ఎంత నానిందో గోరు చెప్తాది,
పొగాకు చిటికెడు ఎక్కువైందో తక్కువైందో
బొటనవేలు చెప్తాది.
అట్లాంటి చేతిలో వాళ్ళ పుల్ల పెట్టుకున్నా.
సుద్దముక్కలో సగం. బరువు లేదు.
దారం లేదు, తల మడత లేదు,
ఎవురో ఒకరు కూర్చోని చేసిన గుర్తే లేదు.

గోరుతో చీల్చినా.
లోపల ఆకు కాదు.
రుబ్బి, అప్పడం మాదిరి ఒత్తి,
పావడ కుచ్చిళ్ళ లెక్కన మడిచినారు.
ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుద్రాక్ష,
దాని కింద ఎక్కడో, అడుగున,
మా ఇంటి వాసన.

నాలుగ్గంటలకు లేచినాడు.
బొత్తాం ఒత్తితే పిల్లి మాదిరి గుర్రుమంది.
ఇరవై లెక్కబెట్టమన్నాడు పీరయ్య.
ముగ్గురమూ లెక్కబెట్టినాం, పైకే, బడిపిల్లోళ్ళ లెక్కన.
లైటు వెలిగింది. పీల్చినాడు.
నేను మొగమే చూస్తాండా.

"ఎట్లుంది?"
"కాల్చిన శనక్కాయ పొట్టు మాదిరుంది."
ఇంకోసారి పీల్చి,
"కల్లో బీడీ తాగినట్టుంది."
చూపుడువేలు దానంతటదే కడ్డీని తట్టింది.
బూడిద రాలలేదు.
మళ్ళా తట్టినాడు.

నిప్పులేనిదే పొగ రాదంటారు గదా.
పొగ లాంటిదేదో వచ్చింది,
మాట మధ్యలో లేచిపోయినోడి మాదిరి
మాయమైపోయింది.
నిప్పు యాడుందని చూస్తే
గోడకుండే ప్లగ్గులో ఉంది.

పొద్దుగూకే వేళకు కరెంటు పోయింది.
బుధవారపేటలో మే నెల, చెప్పేదేముంది.
కడ్డీ రెండుసార్లు ఎర్రగా కన్నుకొట్టి చచ్చింది.
ఇన్వర్టరుండే అంగడేదని
పీరయ్య వైరు పట్టుకోని బయల్దేరినాడు.
మాయన గడపలో కూర్చోని
సందులో పోయేవాన్ని పిలిచినాడు,
"ఓ అబ్బీ, అగ్గిపెట్టుందా?"
వాడు ఆగినాడు. ఒక పుల్లకు ఇద్దరూ చేతులడ్డం పెట్టినారు.
ఉల్లిగడ్డల రేటు పడిపోయిందని,
హంద్రీలో నీళ్ళు లేవు గానీ దోమలున్నాయని.
మధ్యలో దగ్గు వచ్చింది.
ఎప్పటి దగ్గే.

ఆ దగ్గులో నేను చుట్టినవి ఎన్నో
నాకు లెక్క తెలుసు.
కట్టకు ఇరవయ్యైదు, పాతికేండ్లకు పైన.
కమీషన్‌దారు ఖాతాలో ఎక్కని లెక్క
అదొక్కటే.

చాట ఒళ్ళోకి లాక్కున్నా.
చుట్టేకి వెలుతురు అక్కర్లేదు.
చీల్చిన పుల్లను పారేయబుద్ధి గాలేదు,
తునికాకులో పెట్టి, తల మడిచి,
ఎర్రదారం రెండు చుట్లు వేసినా.
రేప్పొద్దున కట్టలో కలుపుతా.
కంతలు, వంకరలు అని
రోజూ యాభై ఏరి పక్కన పడేస్తాడే
ఆ హనీఫ్ సాబు,
కనుక్కుంటాడేమో చూద్దాం.