కడగొద్దు

ఎంజీఎం క్యాజువాలిటీ గడప దాటంగనే
నా నోట్లకెల్లి వచ్చే మొదటి మాట ఒక్కటే:
బట్టలిప్పి కడుగుండ్రి.
పేరు తర్వాత. ఊరు తర్వాత.
తాగిండా, పీల్చిండా, ఎవలు తెచ్చిండ్రు, అన్నీ తర్వాత.
సబ్బు, నీళ్లు, మళ్ల నీళ్లు.
ఇరవై రెండేండ్ల సంది ఈ చేతులకు అదే వాసన,
మురిగిన ఎల్లిగడ్డ వాసన,
చెల్లె పెండ్లిల బగార అన్నం ముందట కూసున్నా పోలే.

టార్చి ఏస్తే కంటిపాప ఆవగింజంత.
నోట్లె నురుగు. తోలు కింద చీమల బారు.
అట్రోపిన్, అయిదు నిమిషాలకొకసారి అట్రోపిన్,
పాప విచ్చుకునేదాక.

మొగిలి గట్లనే వచ్చిండు,
నడికూడ నుంచి, ఆటోల, కార్తీకంల.
"తాగలే సిస్టరమ్మా, కొట్టిండు" అంటాంది లచ్చవ్వ,
నమ్మరేమోనని మళ్ల మళ్ల అంటాంది.
పరాయి చేను. ట్యాంకుకు అరవై.
ఎదురుగాలి, మూతికి ఒక తువ్వాల.
తెల్లారకముందే పోయిండు.
ఆయన అంగిని సుత నేనే పిండిపిచ్చిన.
"ఆ అంగి ఉంటే బాగుండు" అన్నడట
తర్వాత వకీలు.

ఇంకో రాత్రి, వార్డు బాయ్ ఇమ్మానుయేలు ఫోన్ల
నాకు నోరు తిరగని ఊరు.
పైనుంచి బాంబులని
భూమి లోపలి అర్రలల్ల పండుకున్నరట జనం.
గాలి కంటె బరువట ఆ గాలి,
మెట్లు దిగి ఎతుక్కుంట పోయిందట.
బండల మీద పిల్లలు వరుసగ,
ఒకాయన పైపు పట్టి నీళ్లు కొడుతాండు.
పాపల కండ్లల్ల పాపలు ఆవగింజలు.
"అట్రోపిన్!" అని ఒర్రిన ఫోన్ మీద.
ఆ ఒక్క మాట అన్ని భాషలల్ల ఒక్కటే,
ఆయనకు అర్థమయ్యేదే,
ఇనవడితే.

పురుగు మందు ఎతుకుతుంటెనే దొరికిందట మొదాల ఆ విషం.
అంటే మా పత్తి మందుకు అన్న.
తమ్మునికి చిరునామా ఉన్నది:
డబ్బా మీద కంపెనీ పేరు, బ్యాచి నంబరు, ఎర్ర త్రికోణం,
ఆఖరికి విరుగుడేందో సుత రాసి ఉన్నది.
అన్న మొగులు మీదికెల్లి దిగిండు
రశీదు లేకుంట.

మట్టి తీసిండ్రట, నెత్తురు తీసిండ్రట, ఎంటికలు,
లక్క సీలేసి హేగ్ అనే ఊరికి తోలిండ్రట.
విషమేందో తేలింది.
పంపినోని పేరు కాడికి వచ్చేసరికి
బల్ల చుట్టు పదిహేను మందిల ఒక్క చెయ్యి అడ్డం లేసిందట,
తక్కిన చేతులన్నీ ఉత్తయే అయినయట.
గదేం లెక్కనో.
మా గిర్నీ కాడ పంచాయితీల సుత
చేసినోని దోస్తుకు గంత బలం ఉండది.

చిరునామా ఉన్నదానికే లచ్చవ్వకు పదకొండో ఏడు.
కల్తీ మందని కేసు. హన్మకొండ కోర్టుకు
యూరియా సంచిల ఖాళీ డబ్బా ఏసుకొని వస్తది.
కోడలు ఒకనాడు తోమబోతే
వాడకట్టు అంత ఇనవడేటట్టు ఒర్రిందట, కడగొద్దు! అని.
బస్సుల కండక్టర్ ముక్కు మూసుకొని అడిగిండట, ఏందది?
"సాక్షి" అన్నదట.
"నీకు జీరో టికెట్. సాక్షికి?"
నవ్విండ్రట బస్సంత. ఆమె సుత నవ్విందట.

వాయిదా పడ్డనాడు మా వార్డు కాడికి వస్తది చాయ తాగ.
అన్ని వాయిదాలే.
ఆ పిల్లల సంగతి చెప్పిన మొన్న.
చానసేపు సంచి ముడి సదురుకుంట కూసున్నది.
"వాళ్ల అవ్వలకు చెప్పు సిస్టరమ్మా,
ఏదన్న ఒక్కటి కడగకుంట దాసిపెట్టుకొమ్మను."

ఎట్ల చెప్పుడు. ఏ భాషల.

గేటు కాడ ఇంకో ఆటో.
బట్టలిప్పి కడుగుండ్రి, అన్న.
అంగి మాత్రం
ఇటియ్యుండ్రి,
కవర్ల ఏసి మూతి కడుత.