ముందు మణికట్టు మీద

కొండాపూర్‌ల మా స్పా ఉన్న జాగల ఒకప్పుడు గుట్ట ఉండె.
మా అమ్మ సాయవ్వ ఆ గుట్టను
సుత్తెతోని కంకర చేసింది, తట్టకు ఇంత అని.
గిప్పుడు అదే జాగల, ఆరో అంతస్తుల,
నేను రాళ్లను నీళ్లల్ల కాచి
మంది వీపుల మీద పెడుత, గంటకు ఇంత అని.

ఇవి మా గుట్ట రాళ్లు కావు.
యాడికెల్లో పెట్టెల వచ్చినయి,
నల్లగ, నున్నగ, అల్లనేరేడు పండ్ల లెక్క.
వేడిని పట్టుకుంటే జల్ది ఇడువవు.
గుణమన్నా అదే, దోషమన్నా అదే.

ముందుగాల కాయిదం ఇచ్చి అడుగుతం:
షుగరుందా, బీపీ ఉందా, కడుపుతోని ఉన్నరా,
రక్తం పల్చన చేసే గోళీలు మింగుతున్నరా.
అందరు 'లేదు' గడిల టిక్కు కొడ్తరు
ఫోన్ల చూసుకుంటనే.
మొన్న ఒక సాఫ్ట్‌వేర్ పిలగాడు
మర్యాదకు ఓర్సుకున్నడు.
లేస్తే నడుము మీద
రాయంత ఎర్రటి అచ్చు.
"పర్వాలేదండీ" అన్నడు.
నాకు ఆ రాత్రి బువ్వ దిగలే.

ఇయ్యాల నుస్రత్ టీచరమ్మ వచ్చింది, టోలీచౌకికెల్లి.
ముప్పయ్యేండ్లు బోర్డు మీద లెక్కలు రాసిన కుడి భుజం
వానకు ఉబ్బి బిగుసుకున్న తలుపు తీరుంది.
మెడ పక్కన రాయి మెల్లగ జరుపుతుంటే
యాడనో లోపల గొళ్లెం ఊడింది.
"యా అల్లా" అని ఊపిరి ఇడిసి
గురక పెట్టింది.
గురకొస్తే నా చేతులకు పండుగ.

పాదాల కాడికి వచ్చేసరికి మేల్కొని
"ఇంకా గరం చెయ్ బేటా, ఏం తెలుస్తలేదు" అన్నది.
రాయి నా మణికట్టును సుర్రుమనిపిస్తున్నది.

అప్పుడు యాదికొచ్చింది:
ఆమె లోపలికొచ్చినప్పుడు ఒక్క కాలికే చెప్పుండె.
రెండోది యాడ జారిందో ఆమెకే ఎర్క లేదు.

"షుగర్ ఎన్నేండ్ల సంది, టీచరమ్మా?"
చానాసేపటికి "పద్దెనిమిది" అన్నది,
కాపీ కొడుతూ దొరికిన పిల్ల లెక్క.

రాళ్లు తీసేసిన. ఉత్త చేతులతోని నూనె రాసిన.
వేళ్ల సందులల్ల చూసిన. పుండు లేదు, నయం.
బయట గోపు సారు తలుపు తట్టి గులిగిండు,
రాళ్లు పెట్టకుంటే పైసలు వాపసడుగుతదని.
అడగనియ్.

మా అమ్మ గూడ గంతే.
ఉడుకు రొట్టెను పెనం మీదికెల్లి ఒట్టి చేత్తోని తీస్తది,
సుత్తె తిన్న అరచేతులకు మంట ఎర్క లేదు.
రాత్రిపూట నడుముకు ఇటుక పెంక కాచి కాపడం పెట్టమంటది.
పాత చీర నాలుగు మడతలు చుట్టి
ముందు నా మణికట్టుకు ఆనిచ్చి సూస్త.
"గింత సల్లగనా!" అని తిడ్తది.
తిట్టించుకుంట.

టీచరమ్మ పోయేటప్పుడు వాచ్‌మన్ పైకొచ్చిండు,
లిఫ్టు తలుపుల సందుల ఇరికిన
ఎడమకాలి చెప్పు పట్టుకొని.
ఆమె నవ్వి తొడుక్కున్నది.
రెండడుగులు ఏసి ఆగి
చెప్పు ఉందో లేదో
వంగి కండ్లతోని చూసుకున్నది.