నాలుగు దెబ్బల ఖాళీ

ఆ కవితలో ఒక చోటుంది.
అక్కడ ఆర్డెల్లా గొంతు ఆగుతుంది, నా చేతులు ఆగవు.
నాలుగు దెబ్బలు.
మాట లేదు. ఉత్త తోలు మీద అరచెయ్యి.

డెబ్బై ఒకటో సంవత్సరం, గేరీ పట్నం,
చర్చి కింది గదిలో మడత కుర్చీలు ముప్ఫై ఆరు.
ఉక్కు మిల్లులో షిఫ్టు దిగి
చెవుల్లో మసితోనే వచ్చేవాణ్ణి.
ఆమె ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు తోమి వచ్చేది.
మైకు ఒకటే. దాని మెడ విరిగితే
బాప్టిజం తువ్వాలు చించి కట్టాం.

"ఇది పాట కాదు క్లీవన్" అనేది,
"రాగం తీస్తే జనం రాగం వెంట పోతారు.
నడక నువ్వు చూసుకో. మాట సంగతి నాకొదిలెయ్."

ఆమె అద్దె లెక్క చెప్పేది, సెంట్లతో సహా.
బడిపుస్తకంలో చిరిగిపోయిన పేజీల
నంబర్లు చదివేది, లాటరీ నంబర్లలాగా.
జనం పగలబడి నవ్వేవాళ్ళు.
నవ్వు ఇంకా పళ్ళ మీద ఉండగానే
నాలుగు దెబ్బలు.

మొదటి రాత్రి ఎవరికీ అర్థం కాలేదు.
నేనే తప్పు కొట్టాననుకున్నారు.
రెండోసారి ఆ చోటు వచ్చినప్పుడు
వెనక వరసలో ఒకావిడ లేచింది, ఒళ్ళో కోటు జారిపోయింది.
"లైమన్ బోల్డెన్" అంది.
కొడుకు. పోలీసు స్టేషన్లోకి నడిచి వెళ్ళాడు,
నడిచి బయటికి రాలేదు.
ఆ పేరు నాలుగు దెబ్బల్లో
కొలిచి కుట్టిన చొక్కాలా సరిపోయింది.

తర్వాత ప్రతి శుక్రవారం ఒక పేరు.
పొడుగు పేరైతే దెబ్బ సాగదీశాను.
ఎవరి పేరూ కత్తిరించలేదు.

మూడు వందల రికార్డులు అచ్చేశాం.
వంద కూడా అమ్మలేదు.
మిగతావి మా నేలమాళిగలో నీళ్ళొచ్చి బూజు పట్టాయి.
నేను విచారిస్తే ఆర్డెల్లా నవ్వింది:
"పాల డబ్బా మీద తేదీ ఉంటుంది చూడు,
నా కవితకీ ఒకటి వెయ్యాలి.
ఆ తేదీ దాటితే విరిగిపోవాలి, పారబోసుకోవాలి."

ఆమె పోయి పంతొమ్మిదేళ్ళు.
తేదీ ఎవరూ వెయ్యలేదు.

మొన్న ఆగస్టులో జనైయా అని ఒక పిల్ల,
గోదాములో రాత్రంతా అట్టపెట్టెలు మోసి
తెల్లారి నా మెట్ల మీద కూర్చుంది.
ఫోన్లో ఆర్డెల్లా. ఆ గొంతు అంత చిన్న పెట్టెలో
ఎలా పట్టిందో నాకు తెలీదు.
"ఇక్కడ రికార్డు గీసుకుపోయిందా మిస్టర్ క్లీవన్?
మాట వినపడట్లేదు."
"గీత కాదమ్మా. అక్కడ ఇంకొకరు ఉండాలి."

సిటీ హాలు ముందు, పార్కింగు స్థలంలో చదివింది.
అద్దె అంకె ఒక్కటే మార్చింది.
ఇంకో మాట మార్చాల్సిన పని పడలేదు.
జనం చప్పట్లు కొట్టారు.
నాకు మాత్రం కొట్టాలనిపించలేదు,
పాలు వాసన చూసి, ఇంకా తాజాగా ఉన్నాయని
భయపడ్డవాడిలా నిలబడ్డాను.

ఆ చోటు వచ్చింది.
నా వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు తిరిగాయి, అయినా
నోరు మరిచినా చెయ్యి మరవదు.
నాలుగు దెబ్బలు.
ఒకేసారి మూడు మూలల నుంచి మూడు పేర్లు.
ఒకదాని మీద ఒకటి పడి
ఏదీ వినపడలేదు.

జనైయా నావైపు చూసింది.
మళ్ళీ మొదలుపెట్టాను.
నాలుగు. "డియాండ్రే పైక్" అన్నాడు గోదాము చొక్కా కుర్రాడు.
నాలుగు. ఒక ముసలామె, పెదవులు మాత్రమే కదిలాయి.
నాలుగు. మూడోవాడు చెప్పబోయి ఏడ్చాడు,
అతనికోసం ఇంకో నాలుగు.

నాకో కోరిక ఉంది, ఎవరికీ చెప్పలేదు:
ఏదో ఒక రాత్రి ఆ చోటు రావాలి,
నా తర్వాత ఎవరి చేతులో కొట్టాలి,
జనం ఒకరి మొహాలొకరు చూసుకోవాలి,
ఒక్క పేరూ గుర్తు రాక.
వెనక వరసలో ఎవరో దగ్గాలి, అంతే.

కారులో జనైయా అడిగింది,
గురువారం మళ్ళీ ఉంది, వస్తారా అని.
చేతులకి నూనె రాసుకోవాలి,
ఆరింటికి రా అన్నాను.