చేతివాటం

బ్రగాన్సాలో తెల్లవారుజామున నాలుగు.
రొట్టెల వ్యాను చలికి బిగుసుకుపోయింది.
దెయోలిందా క్లచ్ తొక్కి
రెండో గేరులోకి తోస్తుంది.
కరకర.
పళ్ళు కొరికింది బండో, తనో.

కొండ దిగేటప్పుడు మూడో గేరు ఊడిరాకుండా
చేత్తో పట్టుకునే ఉండాలి,
సంతలో తప్పిపోయే పిల్లవాడి రెక్క పట్టుకున్నట్టు.

కంపెనీ ఉత్తరంలో మూడే వాక్యాలు:
లోపమేమీ కనబడలేదు.
ఈ మోడల్‌కు ఇది సహజం.
తమరి చేతివాటం సరిచూసుకోగలరు.

చేతివాటమట!
ముప్పై ఏళ్ళు పిండి పిసికిన చెయ్యి,
తూకంలో చిటికెడు తేడా రానివ్వని చెయ్యి.
ఎవరిదమ్మా చేతివాటం?

మెకానిక్ ఔరేలియో గేరు నూనె దించాడు.
పళ్ళెం అడుగున ఉక్కుపొడి మిలమిల.
గొంతు తగ్గించాడు:
"ఈ నెలలో మీది పదకొండోది.
నేనన్నానని అనకండి."

ఆ నూనెను పాత మేజోడులో వడగట్టి
మిగిలిన పొడిని జామ్ సీసాలో పోసి
కౌంటరు మీద, రొట్టెల పక్కన పెట్టింది.
ధర చీటీ లేదు.

శనివారానికి సీసాలు నాలుగయ్యాయి.
మూతల మీద పేర్లు:
పోస్టుమాన్‌ది, పశువుల డాక్టరుది,
పేరు రాయనిది ఒకటి.

పోర్తోలో విచారణ ఇంకా ఆరు వారాలుంది.
నిద్రలో కూడా
ఆమె కుడి పిడికిలి బిగిసే ఉంటోంది.