రెండు మిగిలినప్పుడు

లాలాగూడ ఇన్‌స్టిట్యూట్ హాల్లో
గోడకానించిన డ్రాయింగ్ షీటు మీద
స్కేలు పెట్టి గీతలు గీస్తున్నాను.
ముప్పై రెండు పేర్లు, రెండు డార్ట్ బోర్డులు,
ఒకే ఒక్క ఆదివారం.

ముప్పై నాలుగేళ్లు సెక్షన్ కంట్రోల్లో కూర్చుని
గూడ్సు బండిని లూపులో నిలబెట్టి
ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చిన చెయ్యి ఇది.
మనుషులకి ఆటకో ఇరవై నిమిషాలు
ఎక్కువే అనుకున్నాను.

లెక్క తేలికే. ముప్పై ఒక్క ఆటలు.
ఒక్కరు తప్ప అందరూ
తలా ఒకసారి ఓడితే సాయంత్రానికి అయిపోతుంది.

మెట్టుగూడ ఫ్రాన్సిస్ వచ్చి చార్టు చూసి పెదవి విరిచాడు.
"లెగ్గులేనా? సెట్లు పెట్టవయ్యా.
సెట్టు పోయినవాడికి కొత్త పలక దొరుకుతుంది,
లెగ్గు పోయినవాడికి అప్పు మిగుల్తుంది."
నిజమే. కానీ ఎనిమిదిన్నరకి
వాచ్‌మన్ ఓదెలు మెయిన్ ఆపేస్తాడు.
కొత్త పలకలకి కరెంటు లేదు.
అయిదింట మూడు. క్వార్టర్స్ నుంచి ఏడింట నాలుగు.
అంతే, రాసేశాను.

పదిన్నరకే ఒక పేరు రాలేదు.
వాకోవర్ దొరికిన కుర్రాడు
పందెం కట్టకుండా గెలిచినవాడిలా
సిగ్గుపడుతూ ఛాయ్‌కి పోయాడు.
మూడింటికి రెండో బోర్డు మీద ట్యూబ్‌లైట్
కన్నుకొట్టి, కొట్టి, మూసేసింది.
అప్పట్నుంచి అంతా సింగిల్ లైనే.
రబ్బరుతో గంటల్ని తుడుస్తున్నాను,
షీటు మీద పొట్టు, ప్యాంటు మీద పొట్టు.

హెప్సీబా వచ్చి నిలబడింది.
"అంకుల్, ఎనిమిదింటికి గాంధీలో నైట్ డ్యూటీ.
నా ఆట ముందుకు జరపండి."
డ్రా అంటే డ్రా అన్నాను.
"జరపండి సాబ్," అన్నాడు ఎదుటి మక్సూద్, మౌలాలి ఏసీ మెకానిక్,
"నేనైతే పొద్దట్నుంచి రెడీనే."
జరిపాను. నా సర్వీసులో
అడిగితే జరిపిన బండి అదొక్కటే.

మూడూ మూడూ. ఏడో లెగ్గు.
అయిదు వందల ఒకటి నుంచి దిగుతూ దిగుతూ
ఇద్దరూ రెండు దగ్గర ఆగారు.
రెండంటే డబుల్ వన్ ఒక్కటే దారి.
ఇరవైకి కుడిపక్కన, అంచు మీద,
చిటికెన వేలి గోరంత ఎర్ర గీటు.
మక్సూద్ బాణం లోపల ఒకటిలో దిగింది. బస్ట్. మళ్ళీ రెండు.
ఆమెవి మూడూ తీగ బయట. రెండు.
రెండు. రెండు.
సుద్దముక్క పట్టుకున్న పిల్లాడికి
రాయడానికి ఏమీ లేదు.
సెమీస్ వాళ్ళు చేతులు విరుచుకుంటున్నారు.
ఒకే పట్టా మీద ఎదురెదురుగా రెండు ఇంజన్లు;
ఏదో ఒకటి వెనక్కి పోవాలని
నేను కోరుకోని రోజు అదే.

ఏడూ నలభైకి ఆమె మూడో బాణం
ఎర్ర గీటులో దిగి ఊగింది.
ఊగడం ఆగేదాకా ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బాణాలు పెట్టెలో సర్దుకుంటూ అంది:
"నా పేరు సెమీస్‌లో రాయండి అంకుల్.
రాశాకే కొట్టెయ్యండి."
బయట మక్సూద్ బండి స్టార్ట్ చేశాడు,
వెనక కట్టిన గ్యాస్ సిలిండర్ విప్పి మెట్ల మీద పెట్టి.
ఓడినవాడు గెలిచినామెని ఎక్కించుకుని
మెట్టుగూడ వైపు తిరిగాడు.

ఒక సెమీస్ ఆడకుండానే తేలింది.
పొద్దట్నుంచి పోయిన సమయమంతా
ఒక్క దెబ్బకి తిరిగొచ్చింది.
షీటు మూలన అలవాటు కొద్దీ
"రైట్ టైమ్" అని రాసి సంతకం పెట్టాను.
పెట్టాక చూసుకున్నాను.

ఫైనల్ ఎనిమిదీ ఇరవైకి ముగిసింది. కప్పు ఎవరో ఎత్తారు.
ఓదెలు తాళాలు ఊపుతూ వచ్చేసరికి
ఆమె పేరు సిరాతో రాసి ఉంది,
స్కేలు దాని మీదే ఉంది,
పెన్నుకి ఇంకా మూత తియ్యలేదు.