అరవై ఒక్క మీటలు

మిర్యాలగూడ. మిల్లుల రెండో షిఫ్టు.
చాప మీద తెల్ల బనీను పరిచి
కొత్త కీబోర్డు ఇప్పిన.
అరవై ఒక్క స్విచ్చులు, వడ్లగింజలంత స్ప్రింగులు.
ఒకటి ఎగిరింది.
చీపురుకు దొరకలే,
అరికాలికి దొరికింది.

గడియారాల గౌస్ మియా చిమ్టా ఇచ్చుకుంట
"సుక్కంటే సుక్కే బిడ్డా, దీపం ముట్టిస్తలేవు" అన్నడు.
నేను ఎక్కువే పూసిన.
ఎమ్ మూగబోయింది.
అమ్మ అని కొడితే
ఆ... అని నోరు తెరిచింది తెర.

మళ్ల ఇప్పి, తుడిచి, సన్న కుంచెతోని
ఒక్కొక్కటే.
బాణం మీటలు లేవు దీంట్ల,
ఎన్కకు పోవాలంటే రెండేళ్లు కావాలె.

తెల్లారంగ స్పేస్‌బార్ నొక్కిన.
కొనేముందు కుండను
ఏలు మడిచి కొట్టి సూసినట్టు
సప్పుడు.

రాసుడు యాదికే రాలే.
ఖాళీలే కొట్టుకుంట కూసున్న.